ముప్ఫై ఒకటో పేజీ

మా గ్రంథాలయానికి నూరేళ్ళు నిండిన ఎండాకాలం గురించి ఎవరైనా అడిగితే, ఉత్సవం బ్రహ్మాండంగా జరిగిందని చెప్తాను. ఫోటోలున్నాయి, చూపిస్తాను. ఎవరూ అడగనిది ఇంకొకటి ఉంది. ఆ రెండు నెలల్లో మా నాన్నకి మిగిలిన ఒకే ఒక్క వ్యాపకాన్ని నా చేతులతో నేనే చెరిపేశాను. అంతా చెరపమని ఎవరూ చెప్పలేదు. చెప్పారని ఆయనతో అబద్ధమాడాను.

ముందు ఆ పేజీ సంగతి చెప్పాలి. గ్రంథాలయం ముద్ర పుస్తకం మొదట్లో ఒకసారి వేస్తారు, లోపలెక్కడో ఇంకోసారి వేస్తారు. ఎవరైనా మొదటి పేజీ చింపేసి, ఈ పుస్తకం నాదేనని బుకాయిస్తే, లోపలి ముద్ర చూపించి నోరు మూయించడానికన్నమాట. మా దగ్గర ఆ రెండో ముద్ర ముప్ఫై ఒకటో పేజీలో ఉంటుంది. అది రహస్యమని మేమనుకునేవాళ్ళం. ఊళ్ళో పాఠకులందరికీ తెలుసు. తెలిసి ఊరుకోలేదు, ఆ ముద్ర పక్కన ఎవరి గుర్తు వాళ్ళు పెన్సిలుతో పెట్టుకునేవాళ్ళు. ఒకరిది సున్నా, ఒకరిది కూడిక గుర్తు, ఒకాయనది పిట్ట. చదివేసిన పుస్తకాన్నే మళ్ళీ ఇంటికి మోసుకుపోకుండా ఆ ఏర్పాటు. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. కౌంటర్లో కూర్చున్న పదిహేనేళ్ళలో ఈ గుర్తుల గురించి నా చేత చీవాట్లు తినని పాఠకుడు లేడు.

మా అమ్మకీ ఒక గుర్తు ఉండేది. చిన్న అడ్డగీత, దాని కింద చుక్క. గీత కాజా, చుక్క బొత్తాం. నాన్న దర్జీ, అమ్మ ఆయన మిషను పక్కనే పీట వేసుకుని కాజాలు కుట్టేది. ఈ గుర్తు సంగతి నాకు చెప్పలేదు. కన్నకూతురు కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్ళనల్లా గదమాయిస్తుంటే ఏ తల్లి మాత్రం చెప్పుకుంటుంది?

కాజాలు కుడుతూ అమ్మ తను చదివిన కథలు నాన్నకి చెప్పబోయేది. "కథ తర్వాత. ముందు ఆ చొక్కా కానివ్వు," అనేవాడు నాన్న. నలభై ఏళ్ళు అదే మాట. అమ్మ పోయాక, చూపు మందగించి కొట్టు కట్టేశాక, మధ్యాహ్నాలు గ్రంథాలయానికి రావడం మొదలుపెట్టాడు. బీరువాలో ఒక్కో పుస్తకం తీసి, ముప్ఫై ఒకటో పేజీ చూసి, కాజా గుర్తు ఉంటే తీసుకునేవాడు, లేకపోతే పెట్టేసేవాడు. సగంలో ఆపేసిన కథల మిగతా సగం కోసం వచ్చేవాడు. ఇదంతా నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే చెప్పేస్తున్నాను. నేను చేసిన పనిని నాలాగా మీరు కూడా కళ్ళు మూసుకుని చూడకూడదు.

వేసవి మొదట్లో పెద్దసారు నన్ను తన గదిలోకి పిలిచారు. పెద్దసారంటే మా గ్రంథాలయాధికారి. చిన్నసారు అంటూ ఎవరూ లేకపోయినా ఆయన్ని పెద్దసారనే అంటాం.

"నూరేళ్ళ చరిత్రమ్మా. నలుగురూ వస్తారు. చూపించడానికి మన దగ్గర ఏముంది?"

"చెదలున్నాయి సార్."

ఆయన నవ్వారు కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వెతగ్గా వెతగ్గా దొరికినవి కాసినే. మొదటి గ్రంథాలయాధికారి కుర్చీ దొరికింది, మంచినీళ్ళ కుండ కింద. ప్రారంభం రోజు ఫోటో దొరికింది, అందులో సగం మంది కళ్ళు మూసుకున్నారు. పాత సభ్యుల రిజిస్టర్లు మాత్రం పైకప్పు కారి అట్టముద్దలైపోయాయి. వాటిని వేళ్ళతో విడదీయబోయి, విడిపోక, పెద్దసారు పక్కన పెట్టేశారు.

"ఈ నూరేళ్ళలో ఇక్కడ ఎవరు చదివారో చెప్పే కాగితం ముక్క లేదమ్మా. గోడలు చూపించాలి, బీరువాలు చూపించాలి. అంతే."

"బీరువాలైనా కళకళలాడేట్టు చేద్దాం సార్."

"అది చెయ్యాలి. కిందటిసారి తనిఖీకి వచ్చినాయన ముద్ర చూస్తానని పుస్తకం తెరిచి, ఇది పుస్తకమా, గోడా అన్నాడు. తల కొట్టేసినట్టయింది. అద్దాల పెట్టెల్లో పెట్టేవి ఒక పాతిక ఏరి, ఆ పేజీ కాస్త తుడిపించు."

ఆయనడిగింది పాతిక పుస్తకాలు. గోరంత చెప్తే కొండంత అల్లుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. పదిహేడు బీరువాలూ నేనే చేస్తానన్నాను. ఉద్యోగంలో చేరాక ఈ గుర్తుల మీద పెంచుకున్న కక్షంతా ఒక్కసారి తీర్చుకునే వీలు దొరికింది.

మర్నాటి నుంచీ మొదలుపెట్టాను. మెత్తటి రబ్బరు, చీపురు పుల్లంత సన్నటి కుంచె, మెడకో పాత తువ్వాలు. పుస్తకం తియ్యడం, ముప్ఫై ఒకటి, రుద్దడం, కుంచెతో దులపడం, పెట్టెయ్యడం. రబ్బరు నల్లబడితే గచ్చు మీద అరగదీసేదాన్ని. అట్ట మీద పేరు చూసే తీరిక కూడా ఉండేది కాదు. రోజుకొక బీరువా కాకపోతే నాకు అన్నం సహించేది కాదు. అటెండరు పుస్తకాలు అందించేవాడు. ఒకరోజు అతనే అన్నాడు, "అక్కా, ఈ గీతా చుక్కా చూశావా? లేని బీరువా లేదు."

చూడకేం. సాయంత్రానికి కళ్ళు మూసుకుంటే కూడా కనబడేది.

"ఎవరోగానీ, ఈవిడకి ఇంట్లో పనీపాటా లేనట్టుంది," అన్నాను.

అతను నవ్వాడు, నేనూ నవ్వాను. ఆవిడ అని ఎందుకన్నానో నాకు తెలియదు. ఆ గీత అంత పొందిగ్గా ఉండేది. తెల్లవారి లేస్తే రాత్రి పడుకునేదాకా చేతిలో సూది వదలని మనిషిని పట్టుకుని, పనీపాటా లేదన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

నాలుగో బీరువా దగ్గర పెద్దసారు వచ్చి నిలబడ్డారు. ఒక పుస్తకం తీసి, ఆ పేజీ కళ్ళద్దాల దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"అన్నీ చెరపాలంటావా? ఈ చిన్నచిన్నవి ఉంటే ఉండనీలేమ్మా. పాపం పెద్దవాళ్ళు గుర్తు కోసం పెట్టుకున్నవి."

"ఒకటి వదిలితే అన్నీ వదలాలి సార్. మళ్ళీ గోడే అవుతుంది."

"కనీసం ఎవరివి ఏవో ఒక కాగితం మీద రాసిపెట్టుకుందామా?"

"పిట్టలూ సున్నాలూ రాసుకుని ఏం చేసుకుంటాం సార్?"

ఆయన పుస్తకం నా చేతికిచ్చేశారు. "సరే, నీ ఇష్టం," అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేదాన్ని ఎవరు మాత్రం ఒప్పించగలరు? ఆ పుస్తకంలో ఉన్నవి ఆయన ముందే చెరిపేశాను.

నాన్న అప్పటికింకా చివరి బీరువా దగ్గరే ఉండేవాడు. నేను ఈ చివర నుంచి, ఆయన ఆ చివర నుంచి. ఆయన వాలకం చూసి నాకు నవ్వొచ్చేది.

"నాన్నా, పుస్తకం మొదటి పేజీ నుంచి చదవాలి. నువ్వేంటి, మధ్యలో తెరిచి ఏదో వాసన చూస్తావు?"

"బట్ట కొనేవాడు అంచు చూసే కొంటాడమ్మా," అన్నాడు.

కిటికీ పక్కన కూర్చుని వరస కింద వేలు పెట్టుకుని చదివేవాడు. ఒక పేజీకి నేను నాలుగు చదివేద్దును. ఒక సాయంత్రం భోజనాల దగ్గర, ఉన్నట్టుండి, "ఆ వంటవాడు చివరికి ఓడ దిగిపోతాడే," అన్నాడు.

"ఏ వంటవాడు?"

"నీకు తెలియదులే." ముద్ద చేతిలోనే ఉంది. మొహం వెలిగిపోతోంది. "తుపానులో పోతాడేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ."

ఇన్నాళ్ళూ అంటే ఎన్నాళ్ళని అడగలేదు. నా తలనిండా మర్నాటి బీరువా ఉంది.

మొదట గొడవ పెట్టుకున్నది ఇంజను తాత. రైలు ఇంజను నడిపి రిటైరైనాయన, మా పాఠకుల్లో అందరికంటే పెద్ద. ఒక పొద్దున్న వచ్చి పుస్తకం కౌంటరు మీద టప్పున పెట్టాడు.

"అమ్మాయ్, దీన్ని మూడోసారి మోసుకుపోయాను. సగం చదివాక తోటమాలే హంతకుడని నాకే తట్టింది."

"మంచిదే కదా తాతగారూ. మీ బుర్ర ఇంకా పనిచేస్తోందని తేలింది."

"బుర్ర సరే, నా పట్టాలేవి? రెండు గీతలు, మధ్యలో దుంగలు. ముచ్చటగా వేసుకునేవాణ్ణి."

"శుభ్రం చేశాం. ఉత్సవం కదా."

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది మీ శుభ్రం."

"ఒక నోటుబుక్కు పెట్టుకుని అందులో రాసుకోండి."

"నోటుబుక్కులో నేను చదివింది ఉంటుంది. నాకంటే ముందు ఎవరు చదివారో ఉంటుందా?"

అది జవాబు చెప్పేంత మాట కాదనుకున్నాను. తర్వాతి వాళ్ళ పుస్తకం అందుకున్నాను.

ఉత్సవానికి పది రోజులుందనగా, మధ్యాహ్నం నాన్న వచ్చాడు. చివరి బీరువాలో మొదటి అర ఆయన అంతకుముందే పూర్తి చేశాడట. మిగతా అరలు తర్వాత చూడొచ్చులెమ్మని, ఆ పూట మధ్య బీరువాల్లో చూసుకోవడానికి వెళ్ళాడు. నేను అవి ఆ ముందువారమే ముగించాను. కౌంటర్లోంచి చూస్తున్నాను. ఒక పుస్తకం తీశాడు, తెరిచాడు, పెట్టేశాడు. ఇంకోటి. ఇంకోటి. పక్క బీరువాకి వెళ్ళాడు. అక్కడా అంతే. ఒక పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి అటూ ఇటూ వంచి చూశాడు. తర్వాత వట్టి చేతులతో నా దగ్గరికి వచ్చాడు.

"పుస్తకాలు మార్చారా అమ్మా?"

"లేదు నాన్నా, అవే. లోపల గీతలుంటే చెరిపాం. ఎలా ఉన్నాయి?"

"శుభ్రంగా ఉన్నాయి." చివరి బీరువా వైపు తిరిగాడు. "ఆ చివరిది ఇంకా చెయ్యలేదు కదూ?"

"అదొక్కటే మిగిలింది. రేపు చేసేస్తాను."

"దాన్ని అలా వదిలేస్తే ఏమవుతుంది?"

"ఎందుకు వదలడం?"

"పోనీ ఒక్క వారం ఆగి చెయ్యకూడదూ?"

మా నాన్న నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తు లేదు. కూరలో ఉప్పు లేకపోయినా అడిగే మనిషి కాదు. అప్పుడైనా నాకు తట్టాల్సింది. నాకేమో పని ముగింపుకొచ్చిందన్న హుషారు, మధ్యలో ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే చిరాకు.

"నా చేతిలో ఏముంది నాన్నా, పెద్దసారు ఆర్డరు," అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో.

"అలాగా," అన్నాడు. "మరి ఆయన మాట కాదనకూడదు." నా చేతి మీద రబ్బరు పొట్టు అంటుకుని ఉంటే, కొత్త చొక్కా మీద సుద్ద గీతలు దులిపినట్టు వేళ్ళతో దులిపాడు. వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆ పూట ఏమీ చదవలేదు.

మర్నాటి దాకా ఆగితే మళ్ళీ అడుగుతాడేమోనని, ఆ సాయంత్రమే చివరి బీరువా తెరిచాను. నాలుగు అరలు. వీధి దీపాలు వెలిగే వేళకి అయిపోయింది.

తర్వాత నాన్న గ్రంథాలయానికి రావడం మానేశాడు. శిలాఫలకానికి కట్టే తెర కుట్టిపెట్టమని పెద్దసారు కబురు చేస్తే, దాని పని ఉందన్నాడు. రెండు గజాల తెర. పది రోజులు కుట్టాడు. మిషను చప్పుడు ఎప్పుడో గాని వినపడేది కాదు. ఎండకి నీరసపడ్డాడనుకుని నిమ్మకాయ నీళ్ళు కలిపిచ్చాను.

ఉత్సవం రోజు తెర ఎక్కడా చిక్కుకోకుండా జారింది. అందరూ చప్పట్లు కొట్టారు. పై నుంచి వచ్చిన అధికారి బీరువాలన్నీ తిరిగి, ఒక పుస్తకం తెరిచి, ముప్ఫై ఒకటో పేజీ చూసి, "ఇలా ఉండాలి," అన్నారు. పెద్దసారు నా వంక చూశారు. నాకు ఆ క్షణంలో కాళ్ళు నేల మీద ఆనలేదు. తర్వాత అధికారి మాట్లాడుతూ, ఇంత పాత సంస్థలో ఎవరెవరు ఏమేం చదివారో తెలిపే ఆధారం ఒక్కటీ మిగలకపోవడం దురదృష్టమన్నారు.

తర్వాత అందరికంటే పాత పాఠకుడని ఇంజను తాతని వేదిక మీదికి పిలిచారు. నేను పూలగుత్తుల పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

"ఆధారం లేకపోవడమేంటండీ," అన్నాడు తాత, మైకు మరీ దగ్గరగా పెట్టుకుని. "కిందటి నెలదాకా ఉందిగా. ప్రతి పుస్తకంలోనూ ఉంది, ముప్ఫై ఒకటో పేజీలో. నాది రైలు పట్టాలు. పుస్తకం తీసుకునే ముందు నేను చూసేది రచయిత పేరు కాదు. కాజా గుర్తు ఉందా లేదా అని. అది ఉంటే పుస్తకం బాగున్నట్టే. దర్జీగారి భార్యది. ఒకసారి అడిగాను, ఏంటమ్మా ఆ గీతా చుక్కా అని. గీత కాజా, చుక్క బొత్తాం అంది. మా అమ్మాయికి మాత్రం చెప్పకండి బాబాయిగారూ, కేకలేస్తుంది అంది."

జనం ఘొల్లుమన్నారు. నన్ను ఎరిగినవాళ్ళు వెనక్కి తిరిగి మరీ నవ్వారు. పెద్దసారు నవ్వలేదు, తల దించుకున్నారు. మూడో వరసలో నాన్న ఉన్నాడు. నేను ఎలా ఉన్నానోనని నా మొహమే చూస్తున్నాడు. నా మీద కోపంతో కాదు, జాలితో. పళ్ళెం ఎవరికిచ్చానో గుర్తు లేదు.

ఇంటికి సగం దూరం నడిచాక అడిగాను.

"నీకు ముందే తెలుసా నాన్నా?"

"మీ అమ్మ పోయిన నెలకి ఏదో పుస్తకం తిరగేస్తుంటే కనబడింది. ఆవిడ చేతి వంపు నాకు తెలియదా?" నాన్న మెల్లగా నడుస్తున్నాడు. "ఎన్ని కథలు చెప్పబోయిందమ్మా. నేను వినలేదు. పోనీ ఇప్పుడైనా చదువుదామనుకున్నాను."

"ఆ రోజు చెప్పొచ్చు కదా. ఒక్క మాట."

"చెప్తే ఏం చేసేదానివి? ఊరుకునేదానివి కాదు. వెళ్ళి పెద్దసారుతో గొడవ పెట్టుకునేదానివి. ఆయన ఆర్డరన్నావు. ఉద్యోగం చేసుకునే పిల్లవి, నీకెందుకు మాట తేవడం అని ఊరుకున్నాను."

అప్పుడు చెప్పేయాల్సింది. ఆర్డరు లేదు నాన్నా, ఆయన వద్దన్నారు, నేనే చేశాను అని. అమ్మని నేను భయపెట్టానని ఊరంతా విన్న రోజున, ఇంకొకటి ఒప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది.

వీధి మలుపులో నాన్న ఆగాడు. "అవునూ, నువ్వే కదా చెరిపింది. ఏయే పుస్తకాల్లో ఉందో కొన్నైనా గుర్తున్నాయా?"

అంత ఆశగా మా నాన్న ఎవరినీ చూడగా నేను చూడలేదు. అమ్మ చదివిన ప్రతి పుస్తకం నా చేతుల్లోంచే వెళ్ళింది. అన్నీ ఒకేసారి చూసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. ఒక్క పుస్తకం పేరు చూడలేదు.

"గుర్తున్నాయి నాన్నా," అన్నాను. "చాలా గుర్తున్నాయి."

ఆ సోమవారం నాన్న మళ్ళీ వచ్చాడు. బాగా నలిగిన అట్ట ఒకటి చూసి, ఇదేనని ఇచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. ఆయన నమ్మాడు. వారానికొకటి చొప్పున, వానలు పడేదాకా ఇచ్చాను. భోజనాల దగ్గర, "ఫలానా చోట మీ అమ్మ పడీపడీ నవ్వి ఉంటుంది," అనేవాడు. అవునేమో అనేదాన్ని. కొన్నాళ్ళకి నాకే నిజమనిపించసాగింది.

ఒక మధ్యాహ్నం పుస్తకం తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. ముందురోజు తీసుకెళ్ళిందే.

"అప్పుడే అయిపోయిందా?"

"ఇది మీ అమ్మ చదవలేదమ్మా."

"ఎలా తెలుసు?"

"మొదట్లోనే పసిబిడ్డ పోయింది. అలాంటివి ఆవిడ ముట్టుకోదు. ఎవరైనా చెప్పబోయినా చెవులు మూసుకునేది." నా మొహంలోకి చూశాడు. ఆయన వెనక ఇద్దరు పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. "అన్నేసి పుస్తకాల్లో ఎక్కడో పొరబడి ఉంటావులే. ఇంకోటి చూసిపెట్టు."

లేచి బీరువా దగ్గరికి వెళ్ళాను. చేతికందింది తీసి తెచ్చి ఆయనకిచ్చాను. ఈసారి ఖాయమేనా అని అడుగుతాడనుకున్నాను. అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఆయన అడగలేదు.